పాత పికప్‌లో వెనక బ్రేక్ లైను మార్పు: పని డైరీ

బండి: కాకినాడ, ఉప్పాడ మధ్య చేపల లోడు తోలే పాత డీజిల్ పికప్. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, పెడల్ బలాన్ని పెంచే వ్యాక్యూమ్ బూస్టర్, వెనక హౌసింగ్‌కు (ఇరుసు గొట్టానికి) కడ్డీతో కలిసి, బరువును బట్టి వెనక బ్రేకుల ఒత్తిడిని మార్చే లోడు వాల్వు. ఏబీఎస్ లేదు.

ఫిర్యాదు: పెడల్ మునుపటి కంటే బాగా కిందికి దిగుతోంది. బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం ఎన్నిసార్లు పోసినా నిలవడం లేదు.

ఎక్కడ కారుతోంది

మొదట డబ్బా మూత తీసి చూడాలి. పెడల్ తొక్కితే లైనులోకి ఆయిల్ నెట్టే మాస్టర్ సిలిండర్ మీద ఉండే డబ్బాలో మధ్యన చిన్న గోడ ఉంటుంది. గోడకు ఒక పక్క ముందు బ్రేకులది, రెండో పక్క వెనక బ్రేకులది. ఈ బండిలో ముందు గది గోడ అంచు దాకా ఉంది, వెనక గది సగానికి దిగిపోయింది. అంటే లీకు వెనక లైనులోనే. చక్రాలు విప్పకముందే సగం పని తేలిపోయింది.

వెనక డ్రమ్ములు రెండూ తీసి, లైనర్లను డ్రమ్ముకు నొక్కే వీల్ సిలిండర్ల రబ్బరు మూతుల అంచు లేపి చూశాం. లోపల పొడిగా ఉంది. లైనర్ల మీద తడి లేదు. ఇక మిగిలింది పైపులే. ఛాసిస్ మీద పెయింటు ఎక్కడ పొంగి ఊడిందో చూడండి, ఎందుకంటే బ్రేక్ ఆయిల్ పెయింటును తినేస్తుంది. ఊడిన చోటుకు సరిగ్గా పైన చెయ్యి పెడితే కారే చోటు దొరుకుతుంది. ఇక్కడ ఛాసిస్ ఎడమ పట్టా (పొడవు దూలం) మీద, లోడు బాడీ ముందు అంచు కింద ఉన్న క్లిప్పు దగ్గర తడి తగిలింది.

ఆ తడి ఏమిటో తేల్చుకోవాలి. చేపల బండి కింద ఎప్పుడూ ఏదో ఒకటి కారుతూనే ఉంటుంది. గ్లాసు నీళ్లలో ఒక చుక్క వేయండి. బ్రేక్ ఆయిల్ నీళ్లలో కలిసిపోతుంది. డీజిల్, గేర్ ఆయిల్ పైకి తేలి రంగుల తెట్టు కడతాయి. కరిగిన ఐసు నీళ్లయితే వేళ్లకు జారుడు ఉండదు, ఆరితే తెల్లటి ఉప్పు పొర మిగులుతుంది.

క్లిప్పు విప్పి చూస్తే సంగతి పూర్తిగా అర్థమైంది. క్లిప్పుకు రెండు పక్కలా పైపు నల్లగా, నున్నగా, బాగున్నట్టే ఉంది. క్లిప్పు రబ్బరు పట్టుకున్న రెండు సెంటీమీటర్ల మేర మాత్రం తుప్పు రేకులు రేకులుగా లేచింది. గోరు తగిలితే ఒక రేకు ఊడి, దాని కింద గుండుసూది మొన అంత చెమ్మ చుక్క మెరిసింది. ఉప్పు నీళ్లు రబ్బరుకూ పైపుకూ మధ్య చేరితే ఆరవు. బయట గాలి తగిలే చోట బతికిన పైపు క్లిప్పు లోపల కుళ్లిపోతుంది.

ఈ దారిలో ఉప్పు రెండు వైపుల నుంచీ వస్తుంది. సముద్రం పోటు మీదున్నప్పుడు అలలు ఉప్పాడ బీచ్ రోడ్డు మీదికే ఎగసిపడతాయి. అంతకంటే ఎక్కువ చెరుపు చేసేది బాడీలో కరిగే ఐసు. బాడీ అడుగున నీళ్లు పోవడానికి పెట్టిన కన్నం సరిగ్గా ఎడమ పట్టా మీదికే ఉంది. చేపల్లోంచి దిగిన ఉప్పు నీళ్లు ప్రతి ట్రిప్పులోనూ ఈ పైపు మీదే పడుతున్నాయి.

అతుకు వేయాలా, మొత్తం మార్చాలా

కన్నం పడిన ముక్క కోసి, మధ్యలో యూనియన్ (రెండు పైపు ముక్కలను కలిపే ఫిట్టింగు) వేసి పంపించేయడం మామూలే. ఈ బండికి అది పనికిరాదు. ఒక క్లిప్పు కింద తుప్పు పట్టిందంటే మిగతా క్లిప్పుల కిందా అదే పరిస్థితి. అన్నీ విప్పి చూశాం, అన్నిచోట్లా రేకులు లేచాయి. పైగా యూనియన్ వేయాలంటే పాత పైపు మూతికి ఫ్లేర్ కొట్టాలి, అంటే మూతిని గరాటులా వెడల్పు చేయాలి. పాత స్టీలు పైపు గోడ మందం 0.7 మి.మీ. మాత్రమే. తుప్పుకు అందులోనూ కొంత పోయాక ఫ్లేర్ కొడితే మూతి చీలుతుంది. అందుకని మాస్టర్ సిలిండర్ నుంచి వెనక చక్రాల దాకా లైను మొత్తం మార్చాలని నిర్ణయం.

రోడ్డు పక్కన చేసే మరో రెండు పనుల గురించి కూడా చెప్పాలి. పైపు లోపల స్టీలు బాలు పెట్టి ఒక చక్రాన్ని మూసేయడం, ప్లయరుతో పైపు నొక్కి మడిచేయడం. లోడుతో ఉన్న పికప్‌లో ఒక వెనక చక్రం బ్రేకు పోతే బండి రెండో పక్కకు లాగుతుంది, తడి రోడ్డు మీద అడ్డం తిరుగుతుంది. వీటితో ఇంటి దాకా కూడా లోడు తీసుకెళ్లకూడదు. రింగు వేసి నొక్కే కంప్రెషన్ ఫిట్టింగులూ బ్రేకులకు వద్దు. గట్టిగా తొక్కితే లైనులో 80 నుంచి 100 బార్ దాకా ఒత్తిడి వస్తుంది, రింగులోంచి పైపు జారి బయటికొస్తుంది.

సామాను

పైపు 4.75 మి.మీ. బయటి వ్యాసం, అంటే 3/16 అంగుళం. కుప్రో నికెల్ తీసుకున్నాం, 7.5 మీటర్ల చుట్ట ఒకటి. మాస్టర్ నుంచి లోడు వాల్వు దాకా సుమారు 4 మీటర్లు, వాల్వు నుంచి వెనక హోసు (రబ్బరు గొట్టం) దాకా అర మీటరు లోపు, హౌసింగ్ మీద టీ జాయింటు నుంచి ఎడమ చక్రానికి ఒక మీటరు, కుడికి అంతకంటే తక్కువ. మిగిలింది ఫ్లేర్ సాధనకు.

పైపు నట్లు 8 కావాలి, 12 తెచ్చాం. వెనక హోసు 1, దాని లాక్ క్లిప్పుతో సహా. లైనులో గాలి బయటికి తీసే బ్లీడర్ నిప్పల్స్ 2, రబ్బరు టోపీలతో. రబ్బరు లైనింగు ఉన్న పైపు క్లిప్పులు 14. బ్రేక్ ఆయిల్ అర లీటరు సీసాలు 3.

ఆయిల్ విషయంలో డబ్బా మూత మీద ఏ రకం రాసి ఉంటే ఆ రకమే. దీని మీద డాట్ 3 అని ఉంది, అదే రకంలో ఎక్కువ వేడి తట్టే డాట్ 4 పోశాం. రెండూ గ్లైకాల్ రకమే కాబట్టి కలుస్తాయి. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, డాట్ 4 అయితే 230. చెమ్మ పీల్చుకున్నాక ఈ హద్దులు 140కీ, 155కీ పడిపోతాయి. తీరప్రాంతపు గాలిలో మూత తీసి పెట్టిన సీసా మర్నాటికి పనికిరాదని లెక్క వేసుకోవాలి. ఇంజిన్ ఆయిల్ గానీ, పవర్ స్టీరింగ్ ఆయిల్ గానీ ఒక్క చుక్క కలిసినా రబ్బరు వాషర్లన్నీ ఉబ్బిపోతాయి. అప్పుడు మాస్టర్ నుంచి చక్రాల దాకా ఉన్న రబ్బరంతా మార్చాల్సిందే.

స్టీలు కాకుండా కుప్రో నికెల్ ఎందుకంటే, అందులో 90 పాళ్లు రాగి, 10 పాళ్లు నికెల్. ఉప్పు నీళ్లకు కుళ్లదు, చేత్తో వంగుతుంది, ఫ్లేర్ శుభ్రంగా వస్తుంది. వోల్వో కార్లలో 1976 నుంచే వాడారు. ఏసీ, ఫ్రిజ్ షాపుల్లో దొరికే మెత్తటి రాగి పైపు మాత్రం ఇది కాదు. చూడ్డానికి దగ్గరగానే ఉంటుంది గానీ, ఉత్త రాగి అదురుకు గట్టిపడి నట్టు మెడ దగ్గర పగులుతుంది. కొనేటప్పుడు బ్రేక్ పైపు అని చుట్ట మీద రాసి ఉందో లేదో చూసి తీసుకోండి.

నట్టు కొలత

పైపు కొనడం కంటే నట్టు కొనడంలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. పాత బండ్లలో రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి ఎం10 (10 మి.మీ. నట్టు), థ్రెడ్ పిచ్, అంటే థ్రెడ్‌కూ థ్రెడ్‌కూ మధ్య దూరం, 1 మి.మీ. రెండోది 3/8 అంగుళం, అంగుళానికి 24 థ్రెడ్లు. వెర్నియర్ పెడితే మొదటిది 9.8, 9.9 మి.మీ. చూపిస్తుంది, రెండోది 9.4, 9.5. అంగుళం నట్టు ఎం10 కన్నంలోకి సులువుగా దిగుతుంది, మొదట్లో బిగిసినట్టే ఉంటుంది. గట్టిగా తొక్కినప్పుడు థ్రెడ్లు ఒలుచుకుని ఊడుతుంది. ఒకే బండిలో ఒక చివర ఒక రకం, హోసు దగ్గర ఇంకో రకం ఉండొచ్చు, ముఖ్యంగా ఇదివరకు ఎవరైనా పార్టులు మార్చి ఉంటే. ప్రతి చివరా విడిగా కొలిచి, పాత నట్టుకు కాగితం ముక్క కట్టి పేరు రాయాలి.

నట్టు కూర్చునే చోటు లోపల కూడా టార్చి వేసి చూడాలి. మధ్యలో చిన్న శంఖువు పైకి పొడుచుకొచ్చి ఉంటే డబుల్ ఫ్లేర్ (రెండు పొరలుగా మడిచిన గరాటు మూతి) కావాలి. లోపలికి గుంటలా ఉంటే బబుల్ ఫ్లేర్ (బుడగలా ఉబ్బిన మూతి). దీనికి డబుల్ ఫ్లేరే, 45 డిగ్రీలది. ఒకదాని చోట రెండోది పెడితే ఎంత బిగించినా చెమర్చడం ఆగదు.

విప్పడం

విప్పే ముందు డబ్బాలో ఆయిల్ అంతా కారిపోకుండా ఒక పని చేయాలి. పెడల్‌ను మూడు నాలుగు సెంటీమీటర్లు కిందికి నొక్కి, సీటుకూ పెడల్‌కూ మధ్య కర్ర ఆనించి అలాగే ఉంచాలి. అప్పుడు మాస్టర్ లోపలి వాషర్ డబ్బా నుంచి వచ్చే చిన్న కన్నాన్ని దాటి ముందుకెళ్తుంది, ఆయిల్ దిగదు. బ్రేకు లైటు వెలుగుతూ ఉంటుంది కాబట్టి బ్యాటరీ తీగ తీసేయాలి.

తుప్పు పట్టిన నట్టును మామూలు పానాతో పట్టుకుంటే మూలలు అరిగిపోతాయి. ఎలాగూ పైపు పారేసేదే కాబట్టి, నట్టు పక్కనే పైపును కోసేసి ఆరు మూలల బాక్స్ పానా దించి విప్పాలి. ముందు రోజు సాయంత్రమే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచితే పని సులువు. మొదట ఒక్క రవ్వ బిగించే వైపు తిప్పి, తర్వాత విప్పే వైపు తిప్పితే తుప్పు పట్టు వదులుతుంది. బ్రేక్ ఆయిల్ ఉన్నచోట గ్యాస్ మంట పెట్టొద్దు, ఆయిల్ అంటుకుంటుంది.

హోసు దగ్గర రెండు పానాలు తప్పనిసరి. హోసు తల ఒకదానితో పట్టుకుని, పైపు నట్టు రెండోదానితో తిప్పాలి. ఒక్క పానాతో తిప్పితే హోసు మెలిపడుతుంది. ఇక్కడ హోసే కొత్తది కాబట్టి పర్వాలేదు గానీ, బిగించేటప్పుడూ ఇదే పద్ధతి. పాత బ్లీడర్ నిప్పల్ ఒకటి విరిగితే డ్రిల్లు వేస్తూ కూర్చోవద్దు. ఈ రకం బండ్లకు కొత్త వీల్ సిలిండర్ పెట్టేయడమే త్వరగా అయ్యే పని, నమ్మకమైన పని కూడా.

ఫ్లేర్ కొట్టడం

పని మొత్తంలో ఓపిక పెట్టాల్సింది ఇక్కడే. పైపును హాక్సా బ్లేడుతో కోయకూడదు, రజను లోపలికి పోతుంది, కోత వాలుగా వస్తుంది. చిన్న పైపు కట్టరు వాడండి. ఒక్కో చుట్టుకు కొంచెం కొంచెంగా బిగిస్తూ తిప్పాలి. తొందరపడి బిగిస్తే మూతి లోపలికి ముడుచుకుంటుంది. కోశాక మూతి లోపలి అంచు, బయటి అంచు రెండూ గీకి నున్నగా చేయాలి. గీకేటప్పుడు మూతి కిందికి ఉంచితే రజను బయటికే రాలుతుంది.

నట్టును ముందే పైపులో దూర్చాలి, థ్రెడ్ వైపు మూతి వైపుకు. రెండు చివరలూ ఫ్లేర్ కొట్టేశాక నట్టు గుర్తొస్తే ఒక చివర కోసేయాల్సిందే.

పట్టుకునే పట్టీలో 3/16 కన్నంలో పైపు పెట్టి, అడాప్టర్ గుండు భుజం ఎంత ఎత్తుందో అంతే పైపు పైకి ఉంచాలి. పట్టీని బాగా బిగించాలి, ముఖ్యంగా పైపుకు దగ్గరగా ఉన్న నట్టు. మూతికి ఒక చుక్క బ్రేక్ ఆయిల్ రాసి, అడాప్టర్ కాడ పైపులో పెట్టి, స్క్రూ తిప్పుతూ భుజం పట్టీకి తగిలేదాకా నొక్కాలి. మూతి బుడగలా వస్తుంది. అడాప్టర్ తీసి, శంఖువుతో మళ్లీ నొక్కితే బుడగ పై భాగం లోపలికి మడతపడి రెండు పొరల గరాటు అవుతుంది. శంఖువు తగిలాక ఆగాలి. ఇంకా బిగించాలనిపిస్తుంది, బిగిస్తే మడత పలచబడి చీలుతుంది.

మంచి ఫ్లేర్ చుట్టూ ఒకే వెడల్పు ఉంటుంది, బయటి వ్యాసం సుమారు 7 మి.మీ., లోపలి ముఖం మీద గీత ఉండదు. భూతద్దంతో చూసే అలవాటు చేసుకోండి. ఒక పక్కకు వాలిందంటే కోత నిటారుగా లేదు, లేదా అంచు సరిగ్గా గీకలేదు. చిన్నగా వచ్చిందంటే పట్టీలో పైపు కిందికి జారింది. సన్నటి చీలిక కనిపిస్తే ఎక్కువ నొక్కారు, లేదా కట్టరు గీత మిగిలింది. ఏ లోపం ఉన్నా కోసేసి మళ్లీ కొట్టడమే. చుట్టలో అదనంగా పైపు ఉంచుకోమన్నది ఇందుకే. నట్టు బలంతో చెడ్డ ఫ్లేర్‌ను సరిచేయలేం. థ్రెడ్లకు టెఫ్లాన్ టేపు చుట్టడమూ వృథా. ఆయిల్‌ను ఆపేది ఫ్లేర్ ముఖమే గానీ థ్రెడ్ కాదు. టేపు పోగు ఊడితే లోడు వాల్వులో అడ్డం పడుతుంది.

వంపులు, దారి

పాత పైపును పడేయకుండా పక్కన పెట్టుకుని, దాని ప్రకారం గట్టి కట్టుతీగతో అచ్చు చేశాం. అచ్చు ఛాసిస్ మీద సరిపోయాకే పైపు కోయాలి, కొలతకు ఒక సెంటీమీటరు ఎక్కువ. ఫ్లేర్‌కు దగ్గరలో వంపు ఉంటే ముందు ఫ్లేర్, తర్వాత వంపు. పైపు నొక్కుకుపోతే ఆ ముక్క పనికిరాదు.

దారి ఒక్కచోట మార్చాం. బాడీ కన్నం కింద పైపు పట్టా లోపలి వైపుకు వచ్చేలా. కన్నానికి ఒక రబ్బరు గొట్టం బిగించి, నీళ్లు పట్టా దాటి కింద పడేలా వదిలాం. ఈ చిన్న పని చేయకుండా ఎంత మంచి పైపు వేసినా క్లిప్పులూ, నట్లూ మళ్లీ తుప్పు పడతాయి. సైలెన్సర్‌కు దూరంగా, ప్రొపెల్లర్ షాఫ్టుకు తగలకుండా, 35, 40 సెంటీమీటర్లకు ఒక క్లిప్పు. హౌసింగ్ మీది పైపులు కమాను కట్ట (స్ప్రింగు పట్టీల కట్ట) యూ బోల్టులకు రాసుకోకూడదు.

నట్లు అన్నీ ముందు చేత్తో మూడు నాలుగు చుట్లు దిగాలి. చేత్తో దిగనిది పానాతో దించొద్దు. బిగింపు సుమారు 15 న్యూటన్ మీటర్లు. ఒకసారి బిగించి, పావు చుట్టు వదిలి, మళ్లీ బిగిస్తే ఫ్లేర్ సరిగ్గా కూర్చుంటుంది.

గాలి తీయడం

కొత్త పైపులు వేశాక చాలా బండ్లు ఇక్కడే ఇబ్బంది పెడతాయి. ఎంత తొక్కినా వెనక నిప్పల్ లోంచి ఆయిల్ సన్నగా వస్తుంది, పెడల్ మెత్తగానే ఉంటుంది, మాస్టర్ పోయిందని దాన్నీ మారుస్తారు. తీరా చూస్తే కారణం లోడు వాల్వు. బండిని ఛాసిస్ కింద జాకీ పెట్టి లేపితే హౌసింగ్ కిందికి వేలాడుతుంది. వాల్వు దాన్ని ఖాళీ బండి అనుకుని వెనక్కి వెళ్లే ఒత్తిడిని తగ్గించేస్తుంది. స్టాండ్లు హౌసింగ్ కింద పెట్టాలి. బండి బరువు కమాన్ల మీద ఉండాలి. వాల్వు కడ్డీకి ఉన్న నట్టును మాత్రం కదపకూడదు. తప్పనిసరైతే ముందు కడ్డీ కొలత రాసుకుని, పెయింటుతో గీత పెట్టుకోవాలి.

ఈ బండికి లోడు కోసం అదనంగా ఒక కమాను పట్టీ వేసి ఉంది. చేపల బండ్లకు ఇది మామూలే. దానివల్ల వెనక భాగం పైకి లేచి, నిండు లోడులో కూడా వాల్వు తక్కువ లోడు అనుకుంటుంది. వెనక బ్రేకు మందగిస్తుంది, ముందు ప్యాడ్లు త్వరగా అరుగుతాయి. బ్రేకుల గురించి ఫిర్యాదు వచ్చిన ప్రతి పికప్‌లో మొదట వెనక కమాను పట్టీలు లెక్కపెట్టండి.

లైను ఖాళీగా ఉంది కాబట్టి పెడల్ కర్ర తీసేసి, డబ్బా నింపి, వెనక ఎడమ నిప్పల్ తెరిచి ఊరికే వదిలేశాం. ఆయిల్ తన బరువుకే దిగి లైను నింపుకుంది. తర్వాతే తొక్కడం మొదలు. మాస్టర్ కుడి పక్క ఉంటుంది కాబట్టి వరుస: వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. నిప్పల్‌కు పారదర్శకమైన గొట్టం, గొట్టం చివర ఆయిల్ ఉన్న సీసాలో మునిగి ఉండాలి. లోపల ఉన్నవారు మెల్లగా తొక్కి పట్టుకోవాలి, కింద ఉన్నవారు నిప్పల్ తెరిచి మూశాకే పెడల్ వదలాలి. డబ్బాలో మట్టం ఎప్పుడూ కింది గీత దాటకూడదు.

పాత మాస్టర్ సిలిండర్‌కు పెడల్ నేలకు తగిలేదాకా తొక్కొద్దు. రోజూ వాషర్ తిరగని ఆ చివరి భాగంలో తుప్పు గరుకు ఉంటుంది. వాషర్ దాని మీదికెళ్తే చిరుగుతుంది. పెడల్ కింద చెక్క దిమ్మ పెట్టాం.

బుడగలు ఆగాక కూడా పెడల్ కొంచెం కిందికే ఉంది. రెండోసారి తొక్కితే పైకొచ్చి గట్టిపడింది. ఇది గాలి కాదు, లైనర్లకూ డ్రమ్ముకూ మధ్య ఎడం. అడ్జస్టర్లు తిప్పి, డ్రమ్ము చేత్తో తిప్పితే సన్నగా రాసుకునేదాకా తెచ్చాం. పెడల్ ఎత్తు సరిపోయింది. ఎన్నిసార్లు తొక్కినా స్పాంజిలా మెత్తగా ఉంటేనే గాలి ఉన్నట్టు.

పరీక్ష

జాయింట్లన్నీ గుడ్డతో తుడిచి, ఆరాక సుద్ద పొడి అద్దాం. ఇంజిన్ ఆన్ చేసి, బూస్టర్ పనిచేస్తుండగా, నిమిషం పాటు గట్టిగా తొక్కి పట్టుకోవాలి. కింద మరొకరు టార్చితో ప్రతి జాయింటూ చూడాలి. చెమర్చిన చోట తెల్లటి పొడి నల్లబడుతుంది. హోసు తల దగ్గర ఒకటి తేలింది. అక్కడ ఎక్కువ బిగించకుండా విప్పి చూస్తే ఫ్లేర్ ముఖం మీద సన్నటి గీత ఉంది. ఆ చివర కోసి కొత్త ఫ్లేర్ కొట్టాక పొడి తెల్లగానే నిలిచింది.

బయట ఎక్కడా చెమ్మ లేకుండా, తొక్కి పట్టిన పెడల్ మెల్లగా దిగిపోతూ ఉంటే అప్పుడు మాస్టర్ లోపలి వాషర్ల మీద అనుమానం పెట్టుకోవాలి. ఇక్కడ దిగలేదు. ఖాళీ స్థలంలో 10, 20 కి.మీ. వేగంతో కొన్నిసార్లు ఆపి, తర్వాత సగం లోడు, ఆపైన నిండు లోడు వేసి చూశాం. బండి ఏ పక్కకూ లాగలేదు.

ఇంకా మిగిలిన పని

ముందు ఎడమ హోసు మీద సన్నటి పగుళ్లు ఉన్నాయి, జత మార్చాలి. ముందు డిస్కును పట్టే కాలిపర్‌కు హోసు బిగించే బోల్టుకు రెండు పక్కలా రాగి వాషర్లు కొత్తవి కావాలి. కింద ఛాసిస్‌కు రంగు వేయాలి గానీ, సర్వీసింగు తర్వాత పాత ఇంజిన్ ఆయిల్ స్ప్రే కొట్టించవద్దని యజమానికి చెప్పాం, అది బ్రేకు హోసుల రబ్బరును ఉబ్బిస్తుంది. చేపల ట్రిప్పు అయ్యాక ఎడమ పట్టా లోపలి వైపు మంచినీళ్లతో కడగాలి. ఈ గాలికి ఏడాదికోసారి బ్రేక్ ఆయిల్ మొత్తం మార్చాలి. వారం తిరిగాక బండి మళ్లీ వస్తుంది. జాయింట్లకు సుద్ద పొడి అద్ది చూస్తాం, క్లిప్పుల్లో రెండు విప్పి చూస్తాం, డబ్బా మట్టం ఈరోజు పెట్టిన గీతతో పోలుస్తాం.